పాటలక్క కొన్న మాండొలిన్

మా పక్కింటి అమ్మాయి యుకులేలే నేర్చుకుంటానని కొన్నాళ్ళుగా ఒకటే హడావిడి. ఏది కొనాలో తేల్చుకోలేక ఫోన్లో బొమ్మలు చూసీ చూసీ, చివరికి నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి బయల్దేరింది. గోడ పొడవునా చిన్నపిల్లల గిటార్లలాంటివి వేలాడుతున్నాయి. దుకాణంలో కుర్రాడు ఒకటి దించి, "మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు ఇది చాలండీ, ధర కూడా తక్కువే" అన్నాడు. అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇంకోటి దించమంది. రంగులు చూసింది. అప్పుడు నా వైపు తిరిగి, "వీటిల్లో నాకేది సరిపోతుందో ఎట్లా తెలుస్తుంది ఆంటీ?" అని అడిగింది.

నాకు సంగీతం రాదు. ఒక్క వాయిద్యం కూడా పట్టుకుని ఎరగను. అయినా ఒక మనిషి తన మొదటి వాయిద్యాన్ని ఎట్లా ఎంచుకుందో నేను కళ్ళారా చూశాను. డెబ్బైల చివర్లో, ఆదోనిలో, మార్కెట్టు వెనక ఒక ఇరుకు దుకాణంలో. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ పూట ఆమె ముఖం మాత్రం నాకు నిన్న చూసినట్టే ఉంది.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఆమెను అందరూ పాటలక్క అనేవాళ్ళు. పెద్దవాళ్ళూ అదే పిలుపు, పిల్లలూ అదే పిలుపు. సొంత మొగుడు కూడా "మా పాటలక్క యాడికి పోయినాది?" అని నవ్వుతూ అడిగేవాడు. నేను కోడుమూరు నుంచి ఆడపిల్లల బడికి టీచరుగా వచ్చి, వాళ్ళ పక్క వాటాలో అద్దెకు దిగాను. దిగిన మర్నాడు పొద్దున వీధి వీధంతా మగ్గాలు మోగడం మొదలైంది. ఈ చప్పుడులో ఎట్లా బతకాలా అని తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఆ చప్పుడు మీదుగా ఒక గొంతు వినిపించింది. మగ్గాలతో పోటీ పడి అరుస్తున్న గొంతు కాదది. వాటి దెబ్బలనే తాళం చేసుకుని, వాటి మధ్య సందుల్లోంచి నడుచుకుంటూ పోతున్న గొంతు. కాస్త బొంగురు. పై స్థాయికి పోయినప్పుడు మాత్రం ఆ బొంగురంతా విడిపోయి సన్నగా, తెల్లగా అయిపోయేది.

అరుగు మీద రాట్నం ముందు కూర్చుని ఆమె కండెలకు నూలు చుడుతోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు వాళ్ళ వాళ్ళ రాట్నాలతో. ఆమె చరణం పాడుతుంది, వాళ్ళు చివరి మాట అందుకుంటారు. పొడుగు మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు, నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా. నన్ను చూసి పాట ఆపకుండానే తలతో పక్కకు పిలిచింది. అంతలో ఒక మేక అరుగు ఎక్కబోతే పాట మధ్యలో ఆపి, "ఒరే, ఆ మేకను తోలండ్రా, నూలు నమిలిపోతాది!" అని కేకేసి, ఎక్కడ ఆపిందో సరిగ్గా అదే అక్షరం దగ్గర మళ్ళీ ఎత్తుకుంది. మేకకూ పాటకూ మధ్య రాట్నం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఆమెకు చెవితో కొనడం అలవాటు. నేను నీళ్ళ కుండ కొనుక్కోవాలంటే సంతకు తనే వచ్చింది. వరసగా పేర్చిన కుండలన్నిటినీ వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయింది.

"ఇది దగ్గుతాంది. ఇది మూలుగుతాంది. ఇదో, ఇది సూడు టీచరమ్మా, ఇది పాడతాంది. దీన్ని తీసుకో."

"కుండ పాడితే ఏం లాభం అక్కా? నీళ్ళు చల్లగా ఉండాలి గానీ."

"పాడే కుండలో పగులుండదు. పగులు లేకుంటే నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నిలిస్తేనే కదా సల్లబడేది!" అని తొడ మీద చరుచుకుని నవ్వింది. టెంకాయలైనా, ఇత్తడి గిన్నెలైనా, పెళ్ళికి తెచ్చిన బాజాలైనా ఆమెకు ఒకటే పరీక్ష. మగ్గం చప్పుడు విని, "మీ ఆయనకు ఈ పొద్దు నడుము పట్టినట్టుండాదే" అని పక్కింటి ఈరమ్మతో అనడం నేను విన్నాను. ఈరమ్మ లోపలికి పోయి చూసి, నిజమేనని బుగ్గలు నొక్కుకుంటూ వచ్చింది.

ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ఆమె జోలపాట వింటూ మొదటిసారి తొట్లో పడుకున్నది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది, నిద్దరమ్మను పేరంటానికి పిలిచినట్టు పిలిచే పాట అది.

నీలి నూలు వడికినాను నిద్దరమ్మా
నీకు చీర నేసినాను నిద్దరమ్మా
కొలత చాలునో లేదో నిద్దరమ్మా
కట్టి చూసుకోను రావె నిద్దరమ్మా

ప్రతిసారీ చివర "నిద్దరమ్మా" దగ్గర ఆమె గొంతు పైనుంచి కిందికి జారేది. ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో పట్టుకోలేం. వింటున్న నాకే కళ్ళు మూతలు పడేవి, ఇంక బిడ్డ సంగతి చెప్పేదేముంది.

నేను వచ్చిన రెండో ఏడాది ఎప్పుడో ఆమె గొంతు కింద గడ్డ ఒకటి కనబడసాగింది. ముందు కొంగుతో కప్పుకునేది. పోను పోను అది పెద్దదై, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చునే స్థితి వచ్చింది. కర్నూలులో డాక్టరు చూసి, గడ్డ తీయకపోతే ప్రాణానికి ముప్పనీ, తీస్తే గొంతు నరం దానిలో చుట్టుకుపోయి ఉంది కాబట్టి గొంతు దక్కడం కష్టమనీ ముందే విడమరచి చెప్పాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"పాట పోతాదా సార్, మాట కూడా పోతాదా?" అని అడిగింది.

"రెండూ పోవచ్చమ్మా. గుసగుసలాగా కొంచెం మాట్లాడగలవు."

ఆమె భర్త తల దించుకున్నాడు. ఆమె మాత్రం, "ఊపిరుంటే ఏదో ఒగటి సేసుకుంటా. తీసేయండి" అంది.

ఆపరేషన్‌కు పోయే ముందు రోజు మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్ళందరినీ అరుగు మీదికి పిలిచింది. "నా పాటలన్నీ ఒగటెంబడి ఒగటి పాడతా. పట్టుకోండి. వినడం కాదు, మీరు కూడా పాడల్ల" అంది. పాడటం మొదలుపెట్టింది. దంపుడు పాటలు, పెళ్ళి పాటలు, నలుగు పాటలు, కోతల పాటలు. ఆగి ఆగి, ఊపిరి కూడదీసుకుని. ఒక్కరి నోరూ పెగల్లేదు. అందరూ ఏడుస్తున్నారు. ఎప్పుడూ చివరి మాట అందుకునేవాళ్ళు అది కూడా అందుకోలేకపోయారు.

"ఏందే, నేనేమన్నా సచ్చినానా? పాడండే!" అని కసిరింది. ఈరమ్మ ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి ఇంకా గట్టిగా ఏడ్చింది. పాటలక్క ఆమె తల నిమురుతూ మిగిలిన పాటలు పాడింది. పొద్దు వాలేదాకా పాడింది. అది చివరిసారి.

తిరిగి వచ్చాక ఆమె నోట గాలి మాత్రమే వచ్చేది. చెవి దగ్గరికి పోతే మాట తెలిసేది. అంతకన్నా భరించలేనిది ఆ అరుగు. రాట్నాలు తిరిగేవి, పాట లేదు. ఆమె ముందు పాడితే ఆమె నొచ్చుకుంటుందేమోనని వాళ్ళ భయం. వాళ్ళు ఎందుకు పాడటం లేదని ఆమె బాధ. మెల్లగా ఒక్కొక్కరే రాట్నం తీసుకుని ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చోసాగారు. పెళ్ళిళ్ళకు పిలుపులు వచ్చేవి గానీ పోయినచోట ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ రోజుల్లోనే బడి నుంచి వస్తూ ఒకసారి చూశాను, ఆమె ఒక్కతే రాట్నం ముందు కూర్చుని పెదవులు కదుపుతోంది. ఏ పాటో నాకు తెలియలేదు.

ఒకరోజు బస్టాండులో ఇద్దరం నిలబడి ఉంటే, చూపు లేని మనిషి ఒకాయన బుల్బుల్ వాయిస్తూ వచ్చాడు. చిన్న చెక్క పెట్టె మీద టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు, కింద తీగెలు. అందరికీ తెలిసిన పాట ఏదో వాయిస్తున్నాడు. మేము ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది. ఆమె కదల్లేదు. చిత్రమేమిటంటే ఆమె అతని వేళ్ళను చూడటం లేదు. చుట్టూ నిలబడినవాళ్ళ ముఖాలను చూస్తోంది. అంతా అయ్యాక నా చెవిలో గాలితో అంది: "నేనూ ఒగటి కొంటా టీచరమ్మా."

ఇంట్లో ఈ మాట చెబితే ఆమె భర్త మగ్గం గుంటలోంచి తలెత్తి, "కొనుక్కో. ఇల్లంతా మూగబోయి నాకు సేతులాడ్డంలేదు" అన్నాడు. ఆయనకు ఒక పెళ్ళి చీరల పని తొందరగా ఉంది. అందుకని ఆదోనికి నేను తోడు పోయాను. "నువ్వు నాకు నోరు" అని నా బుగ్గ గిల్లి బస్సెక్కించింది. కండెలు చుట్టిన కూలిలోంచి తాను దాచుకున్నది కొంగు మూలన ముడేసుకుంది. ఇంటి డబ్బు ముట్టుకోనని, ఆ ముడిలో వచ్చేదేదో అదే కొంటానని ముందే చెప్పింది.

ఆదోనిలో పత్తి రోజులు. మిల్లుల వైపు పోయే లారీల నుంచి దూది ఎగిరి దారి పక్క చెట్లకు, కరెంటు తీగెలకు, మా జుట్టుకు అంటుకుంటోంది. దారి అడుగుతూ పోయి దుకాణం పట్టుకున్నాం. నెరిసిన గడ్డంతో ఒక సాయెబు హార్మోనియం పొట్ట విప్పి కూర్చున్నాడు. బ్యాండు మేళాలకూ, నాటకాలవాళ్ళకూ, దర్గాలో పాడేవాళ్ళకూ ఆయన దగ్గరే మరమ్మతులు.

"భాయ్, నేర్చుకోవడానికి వాయిద్యం కావాలి. మొదటిసారి. ధర అందుబాటులో ఉండాలి" అన్నాను.

"పిల్లలకా అమ్మా?"

"కాదు. ఈమెకే."

ఆయన ఆమెను చూశాడు. గొంతు మీద ఇంకా ఎర్రగా ఉన్న గీత చూశాడు. ఇంకేమీ అడగలేదు. "బైఠో అక్కా, కూసోండి" అని స్టూలు లాగాడు. "గురువు ఎవరన్నా ఉండారా?"

ఆమె తన చెవి చూపించింది.

ఆయన గడ్డం నిమురుకుని, ముందు హార్మోనియం తీశాడు. కాసేపు వాయించాడు. ఆమె కళ్ళు మూసుకుని విని, నాతో అంది. నేను పైకి చెప్పాను. "దీనికి ఊపిరి చాలా ఉందంట భాయ్. కానీ అడిగినా అడక్కపోయినా నిండుగానే పలుకుతుందంట." ధర అడిగితే అది ఎటూ ముడిలో పట్టేది కాదు. తర్వాత పిల్లనగ్రోవి. అది అన్నిటికన్నా చవక. ఆమె పెదవులకు ఆనించి ఊదింది. ఊపిరి నిలవలేదు. వెదురులోంచి ఉత్త గాలి పోయింది, ఆమె మాట లాగానే. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆమె మాత్రం తొడ చరిచి, చప్పుడు లేకుండా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

ఫిడేలు వినిపించినప్పుడు నవ్వలేదు. సాయెబు కమాను లాగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టింది. ఆయన ఆపి, "ఇది గొంతుకు దగ్గర చుట్టం అక్కా. అబద్ధం చెప్పను. కానీ ఏండ్ల పని. చేయి పట్టి చూపేవాడు లేకుంటే కీచుమంటానే ఉంటాది" అన్నాడు. ఆమె తనూ ఒకసారి లాగి చూసింది. నిజంగానే కీచుమంది. రెండు చేతులతో తిరిగి ఆయన చేతుల్లో పెట్టింది.

"మీకు సరిపోయేది ఇదిగో" అని ఆయన బుల్బుల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అందరూ దీంతోనే మొదలుపెడతారు. మీట నొక్కడం, తీగె మీటడం. అంతే. ధర కూడా మీ చేతిలోదే."

ఆమె ఎడం చేతి వేళ్ళు మీటల మీద పెట్టింది. ఒక్కొక్కటే నొక్కి వింది. నేను వీధిలోకి చూసి మళ్ళీ తల తిప్పేలోగా జోలపాట మొదటి మాట పలికింది. తప్పటడుగులు వేస్తూ, కానీ అదే పాట. నీలి నూలు వడికినాను. జన్మలో వాయిద్యం ముట్టని మనిషి! "అక్కా, ఇదే! ఇదే తీసుకో!" అని నేను ఇంచుమించు అరిచాను. సాయెబు కూడా సంతోషంగా గుడ్డతో పెట్టె తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె చేయెత్తి ఇద్దరినీ ఆపింది. మళ్ళీ వాయించింది. "నిద్దరమ్మా" దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి. మళ్ళీ అక్కడే. తల అడ్డంగా ఊపి నన్ను దగ్గరికి పిలిచింది.

"మెట్లు దిగినట్టు ఉందంట భాయ్. ఆమె పాట జారుతుందంట. ఇది జారనివ్వడం లేదంట."

"అక్కా, ఈ ధరలో జారేది యాడా దొరకదు. నేర్చుకునేవాళ్ళకు అంత పట్టింపు ఎందుకు? ముందు ఇది తీసుకోండి, అలవాటయినాక చూద్దాం."

నేనూ ఆ మాటే అన్నాను. బస్సుకు వేళవుతోంది, చేతిలో ఉన్నది ఇంతే, ఇంకేముంది చూడ్డానికి అన్నాను. ఆమె వినలేదు. లేచి దుకాణమంతా తిరగసాగింది. సంతలో కుండలను కొట్టినట్టే కనబడిన ప్రతిదాన్నీ వేలి కణుపుతో తట్టి వింటూ. డోలక్కులు, తంబురలు, విరిగిన గిటారు. చివర అటక కింద దుమ్ములో ఒక పాత మాండొలిన్. దాని వీపు మీద తట్టింది. ఆగింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టింది.

"అది అమ్మకానికి కాదక్కా" అన్నాడు సాయెబు. "ఎవరో నాటకాలాయన మరమ్మతుకిచ్చి, నాకొద్దు, నువ్వే ఉంచుకో అని వదిలేసినాడు. ముందు పలకలో నెర్రె ఉంది. తీగెలు కూడా సగమే. జతల్లో ఉండాల్సినవి, బరువు పడకూడదని నేనే ఒక్కొక్కటి తీసేసినా."

ఆమె అప్పటికే కూర్చుంది. నాలుగు తీగెలున్నాయి. ఒకదాన్ని నొక్కి మీటింది. ఇంకొకటి. అప్పుడు ఏం తోచిందో, నొక్కిన వేలితోనే తీగెను పక్కకు లాగింది. స్వరం వంగి పైకి లేచింది. వేలు వదులు చేసింది. అది కిందికి జారింది. ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో పట్టుకోలేకుండా జారింది.

సాయెబు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఫిర్ ఏక్ బార్... మళ్ళీ అనండక్కా" అన్నాడు. వాయించండి అనలేదు, అనండి అన్నాడు. ఆమె మళ్ళీ అంది. నిద్దరమ్మా. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నేను ఆమె గొంతు విన్నాను. సన్నగా, కాస్త బొంగురుగా, నెర్రె ఉన్న చెక్కలోంచి.

"ఉండండి, నెర్రెకు బాగా జిగురేసి బిగిస్తా. నిండుగా ఎనిమిది తీగెలూ వేసిస్తా" అని సాయెబు హుషారుగా లేచి ఒక జత బిగించాడు. ఆమె లాగి చూసింది. ఒక తీగె వంగితే రెండోది వంగలేదు. రెండు గొంతులు పోట్లాడుకున్నట్టు పలికింది. ఆమె నాలుగు వేళ్ళు చూపి ఆ జతలో ఒకదాన్ని తీసేయమంది. ఆయన తీస్తూ, "ఇన్నాళ్ళుగా ఈ పని చేస్తాండా. సగం తీగెలే కావాలన్నవాళ్ళను సూడలేదు" అని తనలో తాను నవ్వుకున్నాడు. ముడిలో ఉన్నదానికి బేరం కుదిరింది. మీటుకోవడానికి కొమ్ముతో చేసిన బిళ్ళ ఒకటి ఊరికే ఇచ్చాడు.

బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చి, ఆమె మాండొలిన్ ఒళ్ళో పెట్టుకుంది. ఆ బస్సు అదురుకు తీగెలు వాటంతట అవే సన్నగా మోగుతున్నాయి. ఆమె దాని వీపుకు చెవి ఆనించి ఎమ్మిగనూరు వచ్చేదాకా తల ఎత్తలేదు.

వచ్చాక ఇంకో చిక్కు. తీగెలను శ్రుతి చేసుకోవాలి. సాయెబు తెలిసిన పద్ధతి చెప్పి పంపాడు గానీ, ఆమెకు తన పాత శ్రుతే కావాలి. అది ఎక్కడుంది? గొంతు పోయింది కదా. ఆమె వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ బయటికి తెచ్చి ఒక్కొక్కటే తట్టింది. ఒక పాత ఇత్తడి చెంబు దగ్గర ఆగి నన్ను పిలిచింది. "పొద్దున్నే పాట ఎత్తుకునే ముందు దీన్ని తట్టుకుంటాంటి. నా గొంతు ఈడుండాది" అంది గాలితో. ఆ చెంబుకు తీగెను కలుపుకుంది. నేను టీచరుద్యోగంలో ఎందరో తెలివైనవాళ్ళను చూశాను. తన గొంతు ఏ గిన్నెలో ఉందో తెలిసిన మనిషిని ఇంకెవరినీ చూడలేదు.

తర్వాత నెలల తరబడి ఆ ఇంట్లోంచి వచ్చిన చప్పుళ్ళ గురించి చెప్పకపోవడమే మేలు. వేళ్ళ చివర్లు కోసుకుపోయేవి. టెంకాయ నూనె రాసుకుని మళ్ళీ కూర్చునేది. దారిన పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవరో ఒకరు, "ఈ వయసులో పాటలక్కకు ఇదేం పిచ్చి!" అని అరుగు ముందే అన్నారు. ఆమె విని, వాళ్ళు అన్న ఆ మాట ఎట్లా లేచి ఎట్లా పడిందో అదే తీరున తీగె మీద పలికించింది. అన్నవాళ్ళతో సహా అందరూ పడీపడీ నవ్వారు. ఆమె భర్త మిగిలిపోయిన నూలుతో పట్టీ ఒకటి నేసి, మెడకు తగిలించుకోవడానికి కట్టిచ్చాడు.

ఆ ఏడు ఈరమ్మ కూతురికి కాన్పయింది. బిడ్డను తొట్లో వేసే రోజు వీధిలో ఆడవాళ్ళంతా చేరారు. పసుపు కుంకాలయ్యాయి. బిడ్డను తొట్లో పడుకోబెట్టారు. ఇంక జోలపాట ఎత్తుకోవాలి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరు పాడినా పాటలక్కకు కష్టంగా ఉంటుందేమోనని.

పాటలక్క మాండొలిన్ తీసుకుంది. మొదటి చరణం వాయించింది. తప్పు లేదు, తడబాటు లేదు. చివర "నిద్దరమ్మా" అట్లాగే జారింది. కొంగులు కళ్ళ మీదికి పోయాయి. నేను పాట సాగుతుందనుకున్నాను. ఆమె ఆపేసింది. ఆపి చుట్టూ చూసింది. బస్టాండులో జనాన్ని చూసిన చూపే అది. మళ్ళీ అదే చరణం, చివరి మాట వదిలేసి వాయించింది. వదిలిన చోట చేయి ఎత్తి పట్టుకుని కూర్చుంది.

బిడ్డ కుయ్యిమంది.

మళ్ళీ వాయించింది. మళ్ళీ చివరి మాట వదిలేసింది. ఈరమ్మ వైపే చూస్తోంది. ఈరమ్మ గొంతు ఆ వీధిలో అందరికన్నా ముతక, ఆమె పాడితే పిల్లలు లేచి ఏడుస్తారని వేళాకోళం చేసేవాళ్ళు. ఆ ఈరమ్మ గొంతు వణుకుతూ పైకి వచ్చింది.

"నిద్దరమ్మా..."

పాటలక్క తల ఊపింది. రెండో చరణం ఎత్తుకుంది. ఈసారి ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. మూడోదానికి పూర్తి చరణమే పాడారు. ఆపరేషన్‌కు ముందు రోజు ఏడుస్తూ కూర్చున్నవాళ్ళందరికీ ఆ పాటలు వచ్చని నాకప్పుడు తెలిసింది. లోపల ఎక్కడో పట్టుకునే ఉన్నారు. ఎవరో "కొలత చాలదేమో" అని మాట మార్చి పాడారు. వెంటనే తీగె ఆగింది. పాటలక్క ముఖం చిట్లించి వెనక్కి పోయి, ఆ చరణం మొదటి నుంచి వాయించి, వాళ్ళు సరిగ్గా అనేదాకా ముందుకు కదల్లేదు. నేను క్లాసులో చేసే పనే! అందరూ ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, పాడుతున్నారు. బిడ్డ నిద్రపోయింది. బిడ్డ నిద్రపోయినా వాళ్ళు ఆపలేదు. ఒక పాట తర్వాత ఒకటి, ఆమె తీగె మీద మొదలుపెట్టడమే ఆలస్యం, మాటలు వాళ్ళ నోళ్ళలోంచి వచ్చేస్తున్నాయి. అంతకు ముందు ఆమె పాడేది, వాళ్ళు చివరి మాట అందుకునేవాళ్ళు. ఇప్పుడు పాడేది వాళ్ళు. నేను గోడకానుకుని నిలబడ్డాను. చేతులు జోడించాలనిపించింది. ఎవరైనా చూస్తారేమోనని కొంగు కింద జోడించాను.

మర్నాటి నుంచి రాట్నాలు మళ్ళీ ఆ అరుగు మీదికి వచ్చాయి.

కొన్నాళ్ళకు నాకు పత్తికొండ బదిలీ అయింది. అక్కడి నుంచి ఇంకో ఊరు. ఎనభైలు సగం దాటాక ఒకసారి సెలవుల్లో ఎమ్మిగనూరు వెళ్ళాను. వీధి మొదట్లోనే పాట వినిపించింది. ఆడవాళ్ళ గొంతులు, వాటి కింద మాండొలిన్. గడపలో నిలబడ్డాను. పాటలక్క జుట్టు బాగా నెరిసింది. వేళ్ళ కణుపులు కాస్త వాచినట్టున్నాయి. కుడి చెవి తీగెలకు దగ్గరగా వంచి వాయిస్తోంది. నన్ను చూసి తలతో పక్కకు పిలిచింది. ఆపలేదు.

ఆమె పాటలన్నీ నాకు తెలుసనుకునేదాన్ని. ఇది ఎప్పుడూ వినలేదు. ఎక్కడో మగ్గం దెబ్బలాగా మొదలై, వెళ్ళి వెళ్ళి ఒకచోట ఒంటరిగా నిలబడి, అక్కడి నుంచి జారకుండా పైకి ఎగిరింది. ఆడవాళ్ళు మాటల కోసం తడుముకుంటున్నారు. ఈరమ్మ ఒక మాట అంది. ఇంకొకామె కాదంది. మూడో ఆమె ఇంకో మాట అంటే పాటలక్క చప్పున తల ఊపి ఆ చరణం ఖాయం చేసింది.

పాట ఆగాక ఆమె పక్కన కూర్చుని, "ఇది మీ అమ్మ దగ్గర నేర్చుకున్నదా అక్కా? నాకెప్పుడూ వినిపించలేదే" అన్నాను.

ఆమె నా చెవి దగ్గరికి వంగింది. ఆకూవక్కా వాసన.

"గొంతున్నన్నాళ్ళూ మా అమ్మ పాటలే పాడతాంటి టీచరమ్మా. ఇది నాది. నిన్న పుట్టింది. ఇంకా సగమే అయినాది, కూసో" అంది.